ఖమ్మం–భద్రాచలం సరిహద్దు అడవుల్లో ఆక్రమణ మొక్కలు: ప్రవేశ చరిత్ర, నష్టం, నిర్వహణ

వ్యాస సంగ్రహం

గోదావరికి ఇరువైపులా విస్తరించిన ఖమ్మం–భద్రాచలం సరిహద్దు అడవుల చరిత్రను పరిశోధకులు ఎక్కువగా పోడు సేద్యం, గిరిజన తిరుగుబాట్లు, రిజర్వు అడవుల ఏర్పాటు అనే కోణాల నుంచి పరిశీలించారు. అదే కాలంలో అదే అడవిలోకి ప్రవేశించి స్థిరపడిన పరాయి మొక్కల కథ వృక్షశాస్త్రానికి చెందిన విషయంగా మిగిలిపోయింది. ఈ రెండు చరిత్రలనూ కలిపి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. సర్కారు తుమ్మ, పులికంప, వయ్యారిభామ, సుబాబుల్ వంటి మొక్కలు ఈ ప్రాంతానికి చేరిన మార్గాలను, అవి పర్యావరణానికి, గిరిజన జీవనోపాధికి కలిగించే నష్టాన్ని, వాటి నిర్వహణ పద్ధతులను ఇది పరిశీలిస్తుంది. ఒకటిన్నర శతాబ్దం పాటు అటవీ పాలనలో 'ఆక్రమణ' అనే మాట మనుషులకే వర్తించిందనీ, మొక్కల ఆక్రమణకు దారులు మాత్రం పాలనా నిర్ణయాలే తెరిచాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. గ్రామసభలకు భాగస్వామ్యం లేని నిర్వహణ నిలకడగా సాగదని సూచిస్తుంది.

కీలకపదాలు: ఆక్రమణ జాతులు, పోడు, రిజర్వు అడవి, పులికంప, సర్కారు తుమ్మ, కోయలు, కొండరెడ్లు, అటవీ హక్కుల చట్టం.

1. ఉపోద్ఘాతం

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వెళ్ళే దారిలో భూదృశ్యం క్రమంగా మారుతుంది. మొదట మిరప, పత్తి, వరి పొలాలు, చెరువులు కనిపిస్తాయి. ఆ తరువాత బొగ్గు గనుల ప్రాంతం, కిన్నెరసాని పరీవాహకం, జామాయిల్ తోటలు, వాటి వెనుక టేకు, వెదురు, తునికి, ఇప్ప చెట్లున్న ఆకురాల్చే అడవి వస్తాయి. సారపాక దగ్గర గోదావరి దాటితే భద్రాచలం. అక్కడి నుంచి శబరి, తాలిపేరు లోయల వైపు అడవి కొనసాగి ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు అరణ్యంతో కలుస్తుంది.

ఈ దారి పొడవునా పరాయి మొక్కల వరుస కూడా మారుతూ ఉంటుంది. పశ్చిమాన ఉన్న మైదాన గ్రామాల్లో చెరువు శిఖాలను, బంజరును సర్కారు తుమ్మ పట్టుకుంటుంది. రోడ్ల అంచుల్లో, బీళ్ళలో వయ్యారిభామ, సీమతులసి పెరుగుతాయి. అడవి అంచు నుంచి లోపలికి పోయేకొద్దీ, నరికిన చోట, వెలుతురు పడిన చోట పులికంప పొదలు కడుతుంది. నీరు నిలిచి మురుగు చేరిన చోట్ల గుర్రపుడెక్క కనిపిస్తుంది. వీటిలో ఏదీ ఈ నేలకు సహజమైనది కాదు. ఇవన్నీ దక్షిణ, మధ్య అమెరికాలలోని ఉష్ణ ప్రాంతాల నుంచి వివిధ కాలాల్లో భారతదేశానికి చేరినవే. ఒక్కొక్కటి ఎప్పుడు, ఎవరి నిర్ణయంతో, ఏ మార్గంలో వచ్చిందో తెలుసుకుంటే ఆ నేలపై ఎవరి నిర్ణయాలు చెల్లాయో కూడా తెలుస్తుంది.

2. భావన, పదజాలం

బయటి నుంచి వచ్చిన ప్రతి మొక్కా హానికరం కాదు. ఖమ్మం వ్యవసాయ మార్కెట్‌కు పేరు తెచ్చిన మిరప అమెరికా ఖండానిదే. పోర్చుగీసు వర్తకం ద్వారా అది భారతదేశానికి చేరింది. మొక్కజొన్న, పొగాకు కూడా అలా వచ్చినవే. ఇవి రైతు నాటిన చోట పెరుగుతాయి, రైతు వదిలేస్తే కనుమరుగవుతాయి. మనిషి సాయం లేకుండా తానే విత్తనాన్ని వ్యాపింపజేసుకుని, స్థానిక జాతులను తొలగించి, జీవావరణ వ్యవస్థ తీరునే మార్చే పరాయి జాతిని మాత్రమే శాస్త్రజ్ఞులు ఆక్రమణ జాతి అంటారు. జీవవైవిధ్యంపై పనిచేసే అంతర్‌ప్రభుత్వ వేదిక 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం, మానవ కార్యకలాపాల వల్ల ప్రపంచవ్యాప్తంగా 37,000కు పైగా పరాయి జాతులు కొత్త ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. వాటిలో హానికరమైన ఆక్రమణ జాతులు 3,500కు పైగా ఉన్నాయి. అంటే పదింట ఒకటి. కాబట్టి ఇక్కడ విచారించవలసింది మొక్క పుట్టిన దేశాన్ని కాదు, కొత్త నేలపై దాని ప్రవర్తనను.

ఈ విచక్షణ ఈ ప్రాంతంలో మరింత అవసరం. 'ఆక్రమణ' అనే మాటకు ఇక్కడ వేరే చరిత్ర ఉంది. అటవీ పాలన పరిభాషలో పోడు కొట్టిన కుటుంబం 'ఆక్రమణదారు'. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చి అడవిలో గుడిసె వేసుకున్నవారినీ అదే మాటతో పేర్కొనడం పరిపాటి. జీవశాస్త్ర పదమైన ఆక్రమణ జాతికీ, పాలనా పదమైన ఆక్రమణదారుకూ తెలుగులో ఒకే ధాతువు ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ ఒక పదంలోని అర్థం రెండో పదంలోకి జారిపోతే, మొక్కల మీద చేసే పని మనుషుల మీద చేసే పనిగా మారే ప్రమాదం ఉంది. ఈ వ్యాసంలో ఆక్రమణ అనే మాట మొక్కలకు మాత్రమే వర్తిస్తుంది.

3. సరిహద్దు అడవి: పాలనా చరిత్ర

గోదావరి ఇక్కడ చాలాకాలం రెండు రాజ్యాల మధ్య ఎల్లగా ఉంది. 1860లో నిజాం ప్రభుత్వం నదికి ఎడమవైపున్న భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలను బ్రిటిష్ వారికి అప్పగించింది. తొలుత అవి మధ్య పరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాలో ఉండి, 1874లో మద్రాసు రాష్ట్రానికి మారాయి. కుడివైపున పాల్వంచ, ఇల్లెందు ప్రాంతాలు నిజాం ఏలుబడిలోనే కొనసాగాయి. 1953లో వరంగల్లు నుంచి విడిపోయి ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి జిల్లా నుంచి అందులో చేరాయి. 2014లో పోలవరం ముంపు కారణంగా ఏడు మండలాల భూభాగం ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది.

పాలకులు మారినప్పుడల్లా అడవి మీద నియమాలు మారాయి. మధ్య పరగణాల పాలనలో రేకపల్లి ప్రాంతపు పోడు రైతు గొడ్డలికి నాలుగణాల చొప్పున పన్ను కట్టేవాడు. మద్రాసు పాలనలోకి వచ్చాక ఆ పన్ను దాదాపు మూడు రెట్లయింది. కొన్ని చోట్ల పోడునే నిషేధించారు. 1879 నాటి రంప తిరుగుబాటు రేకపల్లి వరకు పాకడానికి ఇది ప్రధాన కారణమని 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీరులో హెమింగ్వే నమోదు చేశాడు. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవి అనే భావనను స్థిరపరిచింది. ఆ హద్దుల లోపల అనుమతి లేని నరుకుడు, మేత, నిప్పు, సేద్యం నేరాలయ్యాయి. నిజాం రాజ్యంలోనూ ఇదే ధోరణి కొనసాగి 1355 ఫసలీ నాటి హైదరాబాదు అటవీ చట్టం దాకా వచ్చింది. 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం రెండు ప్రాంతాలకూ ఒకే చట్రాన్ని తెచ్చింది.

ఈ చట్టాలన్నిటిలో గొడ్డలి ఉంది, పశువు ఉంది, నిప్పు ఉంది. బయటి నుంచి తెచ్చి నాటే మొక్క వల్ల అడవికి కలిగే ముప్పు మాత్రం లేదు. పంటలను చీడపీడల నుంచి, కలుపు నుంచి కాపాడే చట్టాలు 1914, 1919 సంవత్సరాల్లో వచ్చినా వాటి దృష్టి ప్రధానంగా సేద్యం మీదే నిలిచింది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ద్వారా 'ఆక్రమణ పరాయి జాతి' అనే నిర్వచనం, వాటి దిగుమతిని, వ్యాప్తిని నియంత్రించే అధికారం తొలిసారిగా ఆ చట్టంలో చేరాయి. 1882 నుంచి లెక్కిస్తే ఇది 140 ఏళ్ళ తరువాతి మాట.

4. ప్రవేశ మార్గాలు

4.1. సర్కారు తుమ్మ

తెలుగు నేలపై ఆక్రమణ మొక్కల చరిత్రలో స్పష్టమైన తేదీ ఉన్న ఘట్టం ఇదే. మద్రాసు రాష్ట్ర అటవీ శాఖ అధిపతి, వృక్షశాస్త్రజ్ఞుడు కర్నల్ బెడ్డోమ్ 1876లో ఈ మొక్క ప్రయోజనాలను వివరిస్తూ విత్తనాలు తెప్పించమని రెవెన్యూ శాఖకు లేఖ రాశాడు. 1877లో కడప జిల్లా కమలాపురంలో వాటిని నాటారు. వర్షాధార ప్రాంతాల్లో వంటచెరకు కొరత తీర్చడం నాటి లక్ష్యం. లక్ష్యంలో దోషం లేదు. అడవిని రిజర్వు చేసి ప్రజలను వంటచెరకుకు దూరం చేస్తున్న ప్రభుత్వానికి అదనపు కట్టె అవసరమైంది, ఆ అవసరాన్ని ఈ తుమ్మ తీర్చింది.

ఆ తరువాతి వ్యాప్తికి ప్రభుత్వ ప్రమేయం అక్కరలేకపోయింది. తియ్యని కాయలను మేకలు, పశువులు తింటాయి. గట్టి పెంకు గల విత్తనం వాటి కడుపులో నాని, పేడతో పాటు కొత్త నేలకు చేరి మొలకెత్తుతుంది. నరికితే మొదలు నుంచి అనేక కొమ్మలు వేస్తుంది. వేరు చాలా లోతుకు పోతుంది. ఖమ్మం మైదాన ప్రాంతంలోని చెరువు శిఖాలకు, కాలువ గట్లకు అది ఈ విధంగానే చేరింది. జనం దానికి పెట్టిన 'సర్కారు' అనే విశేషణం ఆ మొక్క పుట్టుపూర్వోత్తరాల గురించి ఒక చారిత్రక ఆధారంగా నిలుస్తుంది.

4.2. పులికంప

కొన్నిచోట్ల తలంబ్రాల చెట్టు అని కూడా పిలిచే ఈ పొదను 19వ శతాబ్దపు తొలి దశకంలో కలకత్తా వృక్షోద్యానానికి అలంకరణ కోసం తెచ్చారు. ఒకే గుత్తిలో పసుపు, నారింజ, గులాబీ పూలు పూసే గుణం దాన్ని తోటల కంచెలకు ఇష్టమైన మొక్కగా మార్చింది. యూరపులోని తోటల్లో జరిగిన సంకరం వల్ల అనేక రకాలు ఏర్పడి, వేర్వేరు వాతావరణాలను తట్టుకునే శక్తి పెరిగింది. నల్లని చిన్న పండ్లను పిగిలిపిట్టల వంటి పక్షులు తిని విత్తనాన్ని దూరాలకు మోస్తాయి. దేశంలో లక్షన్నర చదరపు కిలోమీటర్లకు పైగా అడవి దీని వ్యాప్తికి గురయ్యే అవకాశం ఉందని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది.

దట్టమైన నీడలో పులికంప బలహీనంగా ఉంటుంది. వెలుతురు దాని ప్రధాన అవసరం. ఈ సరిహద్దు అడవిలో వెలుతురు ఎక్కడ పడింది అన్న ప్రశ్నకు చరిత్రలోనే సమాధానం ఉంది. 1889 నుంచి ఇల్లెందు ప్రాంతంలో, 1937 నుంచి కొత్తగూడెంలో సాగిన బొగ్గు తవ్వకానికి గనుల్లో ఆధారంగా నిలిపే దుంగలు కావలసి వచ్చాయి. కలప వర్తకులు, వెదురు గుత్తేదారులు కొండరెడ్ల ఊళ్ళ దాకా చేరిన తీరును 1940లలో హైమన్‌డార్ఫ్ తన గ్రంథంలో నమోదు చేశాడు. రైలుమార్గం, రోడ్లు, విద్యుత్తు తీగల కోసం నరికిన పట్టీలు, కిన్నెరసాని జలాశయం, మిశ్రమ అడవిని తీసివేసి పెంచిన టేకు తోటలు క్రమంగా అడవికి లోపలి అంచులను సృష్టించాయి. పోడు చక్రం కుదించుకుపోవడం కూడా ఇందులో భాగమే. విశాలమైన అడవిలో ఒక చెలకను చాలా ఏళ్ళు వదిలేసినప్పుడు స్థానిక చెట్లు మళ్ళీ లేచేవి. రిజర్వు హద్దులు బిగుసుకున్నాక అదే చెలకకు త్వరగా తిరిగి రావలసి వచ్చింది. మధ్యలో దొరికిన రెండు మూడేళ్ళ వ్యవధిలో చెట్టుకన్నా పొదకే లాభం ఎక్కువ. కనుక పోడుకు ఈ వ్యాప్తిలో పాత్ర లేదనలేం. ఆ పాత్రను నిర్ణయించిన పరిస్థితులను మాత్రం విస్మరించకూడదు.

4.3. వయ్యారిభామ, సీమతులసి

వయ్యారిభామను కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. 1950ల మధ్యలో పుణె ప్రాంతంలో ఇది శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చింది. అమెరికా నుంచి దిగుమతైన గోధుమలతో వచ్చిందన్న అభిప్రాయం బలంగా ఉన్నా, అంతకు ముందే 19వ శతాబ్దంలో దేశంలో దీని ఉనికికి ఆధారాలున్నాయి. ఆ దిగుమతులు దాని వ్యాప్తిని పెంచి ఉండవచ్చు గాని, తొలి ప్రవేశాన్ని వాటికి ఆపాదించడం సరికాదు. ఒక్కో మొక్క వేల సంఖ్యలో తేలికైన విత్తనాలు ఇస్తుంది. లారీ చక్రాలు, నిర్మాణ ఇసుక, పశుగ్రాసం, వరద నీరు వాటిని మోసుకుపోతాయి. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 నాటి 75.6 అడుగుల తరువాత అదే పెద్ద వరద. ఇటువంటి వరద వెళ్ళాక మిగిలే ఖాళీ ఒండ్రు నేల ఈ మొక్కకు అనువైన స్థావరం.

సీమతులసి కూడా దారుల వెంట నడిచే మొక్కే. దాని ఎండిన పుష్పకోశాలు పశువుల వెంట్రుకలకు, బట్టలకు అంటుకుంటాయి. ఘాటైన వాసన వల్ల పశువులు దాన్ని మేయవు. మంచి గడ్డిని పశువులు తినేస్తుంటే, తినని మొక్కకు ఏటా చోటు పెరుగుతుంది.

4.4. జామాయిల్, సుబాబుల్

సారపాకలో 1979లో ఉత్పత్తి ప్రారంభించిన కాగితపు మిల్లు ఈ ప్రాంత భూవినియోగాన్ని మార్చిన ప్రధాన శక్తుల్లో ఒకటి. పరిశ్రమలు తమకు కావలసిన ముడిసరుకును అడవి నుంచి కాక రైతుల భాగస్వామ్యంతో పెంచుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం నిర్దేశించింది. ఆ తరువాత ఖమ్మం జిల్లాలో జామాయిల్, సుబాబుల్ తోటలు విస్తరించాయి. సహజ అడవి మీద ఒత్తిడి తగ్గించడం, మెట్ట రైతుకు ఆదాయం కల్పించడం ఈ మార్పుకు ఉన్న మంచి పార్శ్వాలు.

అయితే ఈ రెండు మొక్కలనూ ఒకే గాటన కట్టకూడదు. జామాయిల్ సాధారణంగా నాటిన చోటు దాటదు. దాని మీద ఉన్న అభ్యంతరాలు నీటికి, నేలకు, ఏకజాతి పెంపకానికి సంబంధించినవి. సుబాబుల్ అలా కాదు. ఏడాదిలో చాలా కాలం కాయలు కాసి, విత్తనాలు రాల్చి, గట్ల వెంట, వాగుల వెంట తనంత తానే పెరుగుతుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం రూపొందించిన వంద ప్రమాదకర ఆక్రమణ జాతుల జాబితాలో పులికంప, గుర్రపుడెక్కలతో పాటు సుబాబుల్ కూడా ఉంది. 1877లో కట్టె కోసం తుమ్మను తెచ్చిన తర్కమే ఒక శతాబ్దం తరువాత పశుగ్రాసం, కాగితపు గుజ్జు పేరుతో మళ్ళీ పనిచేసింది. త్వరగా పెరగడం, కొట్టినా చిగురించడం, బీడు నేలను తట్టుకోవడం అనే మూడు గుణాలూ నాటేవారికి యోగ్యతలు. ఆక్రమణ జాతిని గుర్తించే లక్షణాలు కూడా అవే.

5. నష్టం స్వరూపం

ఆక్రమణ పొద తొలి ప్రభావం అడవి నేల మీద పడుతుంది. పులికంప గుబురు కింద వెలుతురు తగ్గిపోతుంది. దాని ఆకులు, వేర్ల నుంచి విడుదలయ్యే రసాయనాలు ఇతర విత్తనాల మొలకను అడ్డుకుంటాయి. పెద్ద చెట్లు నిలిచి ఉంటాయి గనుక దూరం నుంచి అడవి పచ్చగానే కనిపిస్తుంది. వాటి స్థానంలోకి రావలసిన లేత మొక్కలు మాత్రం ఉండవు. అటవీ విస్తీర్ణాన్ని పచ్చదనంతో కొలిచే లెక్కల్లో ఈ నష్టం పట్టుబడదు. గడ్డి తగ్గితే దుప్పులకు, కణుజులకు మేత తగ్గుతుంది. 1977లో 635 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో ఏర్పడిన కిన్నెరసాని అభయారణ్యం వంటి చోట్ల ఇది మాంసాహార జంతువుల ఉనికికి కూడా సంబంధించిన విషయం. వేసవిలో ఎండిన పొద నేల మీది నిప్పును పైకొమ్మల దాకా చేరుస్తుంది. కాలిన తరువాత స్థానిక మొక్కల కన్నా ముందుగా మళ్ళీ చిగురించేది ఆ పొదే.

రెండో నష్టం జీవనోపాధికి. కోయ, కొండరెడ్డి కుటుంబాలకు ఏడాది పొడవునా అడవి ఇచ్చే ఆదాయంలో క్రమం ఉంది. వేసవి మొదట్లో ఇప్పపువ్వు, ఎండలు ముదిరాక తునికాకు, మిగతా కాలాల్లో జిగురు, ఉసిరి, సారపప్పు, అడ్డాకు, దుంపలు, వెదురు దొరుకుతాయి. వీటిలో చాలావాటికి నేల మీద నడిచే వీలు, వంగి ఏరే వీలు ఉండాలి. ఇప్ప చెట్టు కింద నేల శుభ్రంగా లేకపోతే పువ్వు ఏరడం కుదరదు. తునికి పిలకలు పొద కింద నలిగితే లేత ఆకు రాదు. ముళ్ళ గుబురులో ఎలుగుబంటి, పాము కనిపించవు గనుక స్త్రీలు, పిల్లలు పాత దారులను వదులుకోవలసి వస్తుంది. పులికంప ఆకు తిన్న పశువుకు కాలేయం దెబ్బతిని, ఎండ తగిలిన చర్మం పుండ్లు పడుతుంది. వయ్యారిభామ వల్ల కలుపు తీసే కూలీలకు చర్మవ్యాధి, ఉబ్బసం వస్తాయి. ఈ నష్టాల్లో ఏదీ అటవీ నేరంగా నమోదు కాదు, పంటనష్టంగా లెక్కకు రాదు. పరిహారానికి అర్జీ పెట్టుకునే చోటు కూడా లేదు.

6. నిర్వహణ: అనుభవాలు, పరిమితులు

ఆక్రమణ జాతుల నిర్వహణలో నివారణ, తొలిదశలో గుర్తించి తొలగించడం, వ్యాపించిన దాన్ని అదుపు చేయడం అనే మూడు మెట్లున్నాయి. మెట్టు దిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. ఈ ప్రాంతంలో పులికంప, వయ్యారిభామ విషయంలో మొదటి రెండు దశలూ దాటిపోయాయి. సుబాబుల్, క్రొమోలీనా వంటివాటిని మాత్రం కొత్త చోట్లకు పోకుండా ఆపే అవకాశం మిగిలి ఉంది.

జీవ నియంత్రణ చరిత్ర ఆశను, హెచ్చరికను రెండింటినీ ఇస్తుంది. ఒకప్పుడు దక్షిణ భారతంలో బంజర్లను కమ్మిన నాగజెముడును 1926లో శ్రీలంక నుంచి తెచ్చిన కొచినీల్ పురుగు అదుపు చేసింది. పులికంప మీద 1941లో ఆస్ట్రేలియా నుంచి డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థకు తెచ్చిన నల్లి జాతి పురుగు టేకు పూతను కూడా తాకుతున్నట్టు కనిపించడంతో, ఆ పురుగులను నాశనం చేశారు. అయినా అది తప్పించుకుని దేశంలో వ్యాపించింది. టేకుకు చెప్పుకోదగ్గ హాని జరగలేదు. పులికంప మాత్రం తగ్గలేదు. వయ్యారిభామ మీదికి మెక్సికో నుంచి తెచ్చి 1984లో బెంగళూరు ప్రాంతంలో వదిలిన పెంకుపురుగు వానాకాలంలో ఆకును బాగా తింటుంది. ఎండాకాలంలో నేలలో నిద్రాణంగా ఉంటుంది గనుక దాని ప్రభావం కాలానికి పరిమితం. ఒక మొక్క మీద గెలిచిన పద్ధతి మరో మొక్క మీద గెలుస్తుందన్న హామీ లేదు.

చేతితో చేసే తొలగింపులో పద్ధతే ప్రధానం. పులికంపను నేలకు సమంగా నరికితే మరింత గుబురుగా చిగురిస్తుంది. వేరు మొదలును నేలమట్టానికి కొద్ది అంగుళాల దిగువన కోసి, పొదను తలకిందులుగా ఆరబెట్టే పద్ధతిని ఢిల్లీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు అభివృద్ధి చేశారు. పండు రాకముందే ఈ పని చేయాలి. పక్షులు వాలే చెట్ల కింద మొలిచే పిలకలను తరువాత కనీసం రెండు మూడేళ్ళు ఏరాలి. తొలగించిన చోట స్థానిక గడ్డి, చెట్ల విత్తనం పడకపోతే ఖాళీని మరో ఆక్రమణ మొక్క నింపుతుంది. ఒకే ఆర్థిక సంవత్సరంలో నిధులు వచ్చి ఆగిపోయే పథకాలు ఈ క్రమాన్ని పూర్తిచేయలేవు. మొదటి ఏడాది నరుకుడు మాత్రమే జరిగి రెండో ఏడాది మాన్పుదల లేకపోతే, పెట్టిన ఖర్చు పొదకు కొమ్మ కత్తిరింపుగానే మిగులుతుంది.

తొలగించిన కట్టెను వాడుకోవడం మరొక మార్గం. సర్కారు తుమ్మ బొగ్గుకు ఎప్పటినుంచో గిరాకీ ఉంది. కర్ణాటక మలైమహదేశ్వర కొండల్లో సోలిగ గిరిజనులు పులికంప కాడలతో వెదురుకు బదులుగా గృహోపకరణాలు తయారు చేస్తున్నారు. భద్రాచలం ఏజెన్సీలోని వెదురు పనివారికి ఇది తెలియని నైపుణ్యం కాదు. అయితే ఆ మొక్క మీదే ఆదాయం ఆధారపడితే దాన్ని పూర్తిగా తొలగించాలన్న కోరిక తగ్గుతుంది. వినియోగం నిర్మూలనకు సాధనంగా ఉండాలే గాని దానికి ప్రత్యామ్నాయం కాకూడదు.

సోలిగల అనుభవంలో ఇంకొక పాఠం ఉంది. పూర్వం తాము వేసవి తొలిరోజుల్లో రాలిన ఆకుకు పెట్టే చిన్న మంటలు పొద పిలకలను అణచేవనీ, వాటిని నిషేధించాక పులికంప పెరిగిందనీ వారు చెప్పే మాటను పరిశోధకులు శాస్త్రీయంగా నమోదు చేశారు. ఇప్పటికే గుబురు కట్టిన చోట నిప్పు హానే చేస్తుంది కాబట్టి దీన్ని యథాతథంగా ఇక్కడికి తీసుకురావడం తగదు. కాని ఏ నేలలో ఏ పొద ఎప్పుడు వచ్చింది, దానికి ముందు అక్కడ ఏముండేది అన్న సమాచారం కోయ, కొండరెడ్డి వృద్ధుల జ్ఞాపకంలో ఉంది. దాన్ని సేకరించడం చరిత్ర, మానవశాస్త్ర, వృక్షశాస్త్ర పరిశోధకులు కలిసి చేయవలసిన పని. ఆ తరం వెళ్ళిపోతే ఆ ఆధారం మళ్ళీ దొరకదు.

ఇక ఈ పని ఎవరు చేయాలి అన్నది మిగిలిన ప్రశ్న. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అటవీ వనరులను కాపాడే, పునరుద్ధరించే హక్కును గ్రామానికి ఇచ్చింది. అడవిని, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారాన్ని గ్రామసభకు అప్పగించింది. తెలంగాణలో 2023లో సుమారు లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాల పంపిణీ మొదలైంది. జిల్లాలవారీగా చూస్తే వాటిలో అన్నిటికన్నా పెద్ద వాటా భద్రాద్రి కొత్తగూడెం జిల్లాదే. వ్యక్తిగత పట్టా పొలానికి సంబంధించింది. పొద పెరిగేది పొలం గట్టు అవతలి ఉమ్మడి అడవిలో. అక్కడ సామూహిక హక్కు గుర్తింపు లేనప్పుడు, ఆ నేలను శుభ్రం చేయడానికి వెళ్ళిన గిరిజనుడే మళ్ళీ ఆక్రమణదారుగా కనిపించే అవకాశం ఉంది. మొక్కల పెంపకం, పోడు మధ్య ఘర్షణ ఎంత తీవ్రమైనదో 2022 నవంబరులో చంద్రుగొండ మండలంలో విధి నిర్వహణలో ఉన్న అటవీ క్షేత్రాధికారి హత్యకు గురికావడం చూపింది. ఈ వాతావరణంలో పొద తొలగింపును కూడా భూమి స్వాధీనానికి తొలి అడుగుగా ఏదో ఒక పక్షం అనుమానిస్తే పని సాగదు. ఏ ప్రాంతంలో, ఏ హక్కుతో, ఎన్నేళ్ళపాటు, తొలగించాక ఏం నాటుతారు అన్న విషయాలు గ్రామసభ తీర్మానంలో ముందే ఉండటం పరిష్కారానికి ఆధారం.

పరిపాలనా హద్దులు మరొక చిక్కు. నేడు భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంటే, పొరుగు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోను, ఎగువ శబరి లోయ ఛత్తీస్‌గఢ్, ఒడిశాలలోను ఉన్నాయి. వాగులోని విత్తనానికి, పక్షి కడుపులోని విత్తనానికి ఈ గీతలు వర్తించవు. ఎగువ ఒడ్డున వదిలేసిన పని దిగువ ఒడ్డున చేసిన పనిని వమ్ము చేస్తుంది. 2030 నాటికి ఆక్రమణ జాతుల ప్రవేశాన్ని, స్థిరపడటాన్ని కనీసం సగానికి తగ్గించాలన్న అంతర్జాతీయ జీవవైవిధ్య లక్ష్యానికి భారతదేశం అంగీకరించింది. ఇటువంటి లోయల్లో రాష్ట్రాల ఉమ్మడి ప్రణాళిక లేకుండా ఆ లక్ష్యం కాగితం దాటదు.

7. ఉపసంహారం

ఖమ్మం–భద్రాచలం సరిహద్దు అడవుల్లో ఆక్రమణ మొక్కల ప్రవేశాన్ని కాలక్రమంలో పరిశీలిస్తే మూడు విషయాలు స్పష్టమవుతాయి. మొదటిది, ఈ మొక్కల్లో ముఖ్యమైనవి సదుద్దేశంతోనే వచ్చాయి. వంటచెరకు, అలంకరణ, పశుగ్రాసం, కాగితం అనే అవసరాలు వాటిని తెచ్చాయి. మొక్కను తేవడానికి ఒక లేఖ సరిపోయింది. దాన్ని అదుపు చేయడానికి తరాలు చాలడం లేదు. రెండోది, ప్రవేశం ఒక్కటే వ్యాప్తికి చాలదు. గనులు, రోడ్లు, ఏకజాతి తోటలు, కుదించుకుపోయిన పోడు చక్రం అడవిలో తెరిచిన వెలుతురు వాటికి చోటిచ్చింది. మూడోది, చట్టం గొడ్డలిని, పశువును, నిప్పును లెక్కించినంత శ్రద్ధగా విత్తనాన్ని లెక్కించలేదు.

ప్రస్తుతం హరిత కార్యక్రమాల పేరిట, గని మట్టి దిబ్బల మీద, రహదారుల వెంట నాటే మొక్కల ఎంపిక ఏటా జరుగుతూనే ఉంది. నాటబోయే జాతి విత్తనం ఎలా వ్యాపిస్తుంది, కొడితే చిగురిస్తుందా, పశువు తింటుందా అన్న ప్రశ్నలను నాటకముందే అడగాలి. ఆ నేల మీద ఇప్పపువ్వు ఏరేవారిని ఆ ప్రశ్నలకు జవాబు చెప్పేవారిలో చేర్చుకోవాలి. 1876లో కమలాపురం రైతును ఎవరూ అడగలేదు. ఆ లేఖ ఫలితాన్ని చెరువు శిఖంలో ఈనాటికీ గొడ్డలితో కొడుతున్నది మాత్రం రైతే.